తొమ్మిది శ్రీకారాలు

గంట పడుతుందని చెప్పి రిటర్నింగ్ ఆఫీసరు గాజు తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు, ఎవరో లాయరుతో ఫోన్లో మాట్లాడాలట, ఇక ఈ గంటసేపూ నేనిక్కడ, పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే ఈ హాల్లో, ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి, మొహం మీద నవ్వు చెదరకుండా, ఎందుకంటే కెమెరావాళ్ళు ఇంకా ఉన్నారు. సోమవారం పొద్దున పదకొండయింది. శుక్రవారం ఓట్లు వేశారు, శనివారం లెక్క మొదలైంది, ఇక్కడ ఓట్ల లెక్కంటే మధ్యాహ్నానికి తేలిపోయి సాయంత్రానికి డప్పులు మోగే వ్యవహారం కాదు, ఒకటి, రెండు, మూడు అని జనం వరసగా అంకెలు వేసిన కాగితాల్ని ఓడినవాడి కట్టలోంచి తీసి ఇంకొకడి కట్టలో వేస్తూ పోతారు, అలా రోజుల తరబడి ప్రాణాలు తోడేస్తారు. మా నియోజకవర్గానికి ఐదు సీట్లు. నాలుగు తేలిపోయాయి. ఐదోది నాకా, ఇప్పటి సభ్యుడు లెఫ్టెరిస్‌కా అన్న దగ్గర ఆగింది. నాకంటే ఆయనకి ఎనిమిది ఓట్లు ఎక్కువ. ఎనిమిది! మా వీధిలో కుక్కలే అంతకన్నా ఎక్కువున్నాయి. మళ్ళీ చూడమని అడిగాం, చూశారు, చెల్లవని పక్కన పడేసిన వాటిలో తొమ్మిది కాగితాలు బయటికొచ్చాయి. తొమ్మిదింటిలోనూ లీలారాణి అన్న నా పేరు పక్కన శుభ్రంగా ఒకటి అంకె ఉంది. తొమ్మిదింటి నెత్తినా తెలుగులో శ్రీ అని రాసి ఉంది. అవి చెల్లితే ఒక్క ఓటుతో నేను గెలుస్తాను, ఇక్కడి ఐరిష్ పార్లమెంటుకి వెళ్తాను. చెల్లకపోతే ఇంటికే. ఇంటికే అంటే, ఏ ఇంటికి లీలా, ఆ ఇల్లు కూడా ఉండదుగా తర్వాత.

ఎవరు రాయమన్నారు వాళ్ళని శ్రీ అని, ఎవరో అయితే తిట్టిపోద్దును, రాయమన్నది నేనే, ఈ చేత్తోనే. మూడు వారాల కిందట బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కమ్యూనిటీ హాలు తీసుకుని మనవాళ్ళకి ఓటెలా వేయాలో చూపిద్దామని పిలిచాను, అరవై మంది వచ్చారు, పౌరసత్వం కొత్తగా వచ్చినవాళ్ళూ, ఏళ్ళ కిందటే వచ్చినా ఏనాడూ ఓటు మొహం చూడనివాళ్ళూ. ప్రొజెక్టరు పనిచేయలేదు. తెల్లబోర్డు మీద ఓటు కాగితం గీశాను. మార్కరు పట్టుకుని తిరిగేసరికి ముందు వరసలో అంతా బొట్లు, పట్టుచీరలు, చెర్రీవుడ్‌లో కంప్యూటరు కంపెనీల్లో కోడ్ రాసుకునే పిల్లలు, వాళ్ళ అమ్మలు, అత్తగార్లు, నేనేమో మెడలో సిలువ గొలుసున్న నర్సుని. ఈవిడ మనావిడేనా అన్న చూపు ఒకటుంటుంది, దాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, తెనాలి బళ్ళో ఎరుగుదును, గుంటూరు నర్సింగు హాస్టల్లో ఎరుగుదును. ఏం బుద్ధి పుట్టిందో, బోర్డు నెత్తిన పెద్దగా శ్రీ అని రాసి, కింద గీత గీసి, అప్పుడు నా పేరు పక్కన ఒకటి వేశాను. చప్పట్లు! అబ్బో, ఏం చప్పట్లు. ఎవరో ఆహా అన్నారు. ఆ ఆహాకి పొంగిపోయి, అచ్చం ఇలాగే వేయండి, ఒక్క అక్షరం తేడా రాకూడదు అన్నాను. వెనక కుర్చీలో మా చర్చి పెద్ద కృపారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనే నా ఎలక్షన్ ఏజెంటు. కార్లో కూర్చున్నాక అడిగారు, ‘అదెందుకు సిస్టర్ రాశారు?’ అని. ఊరికే అన్నాను. ఊరికే కాదు, మంచిదనిపించుకోవాలని. ఈ తొమ్మిదిమందీ బుద్ధిమంతులు, చెప్పింది చెప్పినట్టు చేశారు. పరీక్ష కాగితం మీద, పెళ్ళి సామాన్ల జాబితా మీద, కొత్త పుస్తకం మొదటి పేజీ మీద, చెయ్యి తనంతట తనే రాసేస్తుంది కదా ఆ అక్షరం, ఇక పంతులమ్మ కూడా రాసి చూపిస్తే ఆగుతుందా. ఛీ, నా చేతులు విరగ.

కృపారావు గారు పేపరు కప్పులో టీ తెచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. చల్లారిపోయింది. ‘సిస్టర్, ఆఫీసరు ఒక్కటే అడుగుతాడు’ అన్నారు మెల్లిగా. ‘ఆ గుర్తు చూసి ఓటరెవరో చెప్పగలరా అని. కాగితం మీద మనిషిని పట్టిచ్చే రాత ఏదీ ఉండకూడదన్నదే ఇక్కడ రూలు. శ్రీ అనేది మనవాళ్ళు ఎవరైనా రాస్తారు, దాన్ని బట్టి మనిషిని చెప్పలేం అనండి. చాలు. తొమ్మిదీ చెల్లుతాయి.’

‘ఒకవేళ ఒక్కదాన్ని గుర్తుపడితే?’ అన్నాను.

‘ఒక్కదాన్ని పట్టినా రాత పట్టిచ్చినట్టే కదండీ. తొమ్మిదీ పోతాయి. అయినా మీకు ఎట్టా తెలుస్తది, లక్షమంది ఓటర్లు.’ ఆయన నవ్వి నా భుజం తట్టి, ప్రార్థన చేసుకోండి అని చెప్పి అవతలికి వెళ్ళారు. మంచి మనిషి. చెప్పలేదు ఆయనకి. ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆ తొమ్మిది కాగితాలూ బల్ల మీద పరిచి ఏజెంట్లకి చూపించినప్పుడు నేనూ వంగి చూశాను, ఒకటి, రెండు, మూడు, అన్నీ గబగబా గిలికిన శ్రీలు, ఎవరివైనా కావచ్చు, ఆరోదాని దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. శకారం చుట్టూ ఆ రవత్తు కింద నుంచి మొదలై, ఎడమ పక్కగా వణుకుతూ పైకి పాకి, తల మీదుగా దిగి, అక్షరం మొత్తాన్ని కంచె కట్టినట్టు చుట్టేసింది. అలా రాసే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. లలితకుమారి గారు.

ఎన్ని వందలసార్లు చూశానో ఆ శ్రీని. డాక్టరుగారి భార్య ఆవిడ, నలభై ఏళ్ళ కిందట ఆయన ఇక్కడి ఆసుపత్రిలో పనికి వస్తే వెంట వచ్చింది, ఆయన పోయారు, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణుకు పట్టింది, ఇళ్ళకి తిరిగే నర్సుగా వారానికి రెండుసార్లు నేను వెళ్ళేదాన్ని. షుగరెంతుందో రాసుకునే నోటుబుక్కులో ప్రతి పేజీకీ ముందు ఆవిడే శ్రీ రాయాలి, నన్ను రాయనిచ్చేది కాదు, ఐదు నిమిషాలు పట్టినా సరే, నేను గడియారం చూసుకుంటూ నిలబడేదాన్ని. మొదట్లో నీళ్ళడిగితే పేపరు కప్పులో పోసి ఇచ్చి, తాగాక చెత్తబుట్ట చూపించేది. నాకు అర్థం కాదా, అర్థమయ్యేది, ఒళ్ళు మండేది, డ్యూటీ కదా అని నవ్వేదాన్ని. రెండో ఏడు అనుకుంటా, ఒకరోజు కిచెన్ ప్రెస్సు, అదే వంటింటి గోడ బీరువా, తలుపు తీసి, తను తాగే కప్పు జతలో రెండోది, డాక్టరుగారిది, తీసి కాఫీ పోసింది. ఏమీ అనలేదు. తాగుతూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆవిడకి డెబ్భై ఎనిమిది. నేను నర్సు పని మానేసినా ఆదివారాలు వెళ్తాను. ‘డాక్టరుగారున్నన్నాళ్ళూ ఓటు ఆయనే వేసొచ్చేవారు లీలా, నన్ను ఇంట్లోనే ఉండమనేవారు. ఇన్నాళ్ళకి నీ కోసం వెళ్తానే’ అంది ఓట్ల ముందటి ఆదివారం. వెళ్ళింది. వాకరు తోసుకుంటూ వెళ్ళుంటుంది, ఈ చలిలో, బూతులో తాడుకి కట్టిన పెన్సిలు వణికే వేళ్ళతో పట్టుకుని, వెనక వరసలో జనం నిలబడి ఉండగా, ఐదు నిమిషాలూ తీసుకుని, తన జీవితంలో మొదటి ఓటు నెత్తిన నాకు శుభం జరగాలని శ్రీ చుట్టుంటుంది. తెలుసని చెబితే ఆవిడ ఓటు చచ్చిపోతుంది. తెలియదని చెబితే బతుకుతుంది. అలా చూస్తే తెలియదనడమే ధర్మం కదా, ఆవిడ కోసమే కదా, చూశావా లీలా, ఎంత బాగా కబుర్లు చెప్పుకుంటున్నావో నీకు నువ్వే, ఆవిడ కోసమట. నీ సీటు కోసం.

ఎదురుగా, హాలుకి అటు చివర, లెఫ్టెరిస్ సాండ్‌విచ్ తింటున్నాడు. ఒళ్ళో రుమాలు పరుచుకుని. పిల్లాడిలా తింటాడు ఆయన, అరవై ఏడేళ్ళొచ్చినా. ఆ మనిషి మీద నాకు కోపం ఉండి ఉంటే ఎంత సుఖంగా ఉండేది ఇప్పుడు. గ్రీసులో ఏదో దీవి, ఓడలో వంటవాడిగా డబ్లిన్ రేవులో దిగి, ఓడ వెళ్ళిపోతే తను ఉండిపోయాడు, చేపలూ చిప్సూ వేయించే కొట్టు పెట్టాడు, కొట్టుకి వచ్చే ముసలమ్మలకి పింఛను కాగితాలు నింపిపెట్టేవాడు, అలా అలా వాళ్ళే ఆయన్ని కౌన్సిలర్ని చేశారు, తర్వాత పార్లమెంటుకి పంపారు, పదేళ్ళుగా ఆ ఐదో సీటు ఆయనదే. ఇప్పటికీ ఆయన ఇంగ్లీషు సగం గ్రీకు. దానికే నేను పడిపోయాను మొదట. ఈ ఇంగ్లీషుతో ఈయన నెగ్గగా లేనిది నా ఇంగ్లీషుకేం అనుకున్నాను. పదకొండేళ్ళ కిందట వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి కరపత్రాలు పంచుతానన్నాను. కుక్కలు వేళ్ళు కొరుకుతాయని, తలుపు సందులోంచి కాగితం తోయడానికి చెక్క గరిటె ఒకటి చేతికిచ్చాడు, అచ్చం మన అట్లకాడ. వెళ్ళేటప్పుడు గేటు వేసి వెళ్ళు, ఓట్లు పోయేది గేటు దగ్గరే అని చెప్పాడు. వానలో వీధి వీధీ తిరిగాం. ఎవరో తలుపు తీసి, మీ ఇద్దరూ ఎక్కడెక్కడి నుంచి ఊడిపడ్డారు అంటే, నేను బస్సు స్టాపు నుంచి, ఈవిడ పక్క వీధి నుంచి అనేవాడు. నన్ను కౌన్సిలరుగా నిలబెట్టింది ఆయనే, నేను గెలిచిన రోజు నాకంటే ముందు ఏడ్చిందీ ఆయనే. మరి ఆయన మీదే నిలబడతావా, సిగ్గు లేదా అంటే, మీద కాదు, పక్కన అనుకున్నాను, ఐదు సీట్లున్నాయి కదా, ఇద్దరం పడతాం అనుకున్నాను, దేవుడి సాక్షిగా అలాగే అనుకున్నాను. చివరికి ఉన్న ఒక్క కుర్చీ దగ్గరికి ఇద్దరం చేరాం.

నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా ఉంది, ఉండేది, యోనాని కొట్టినప్పుడు. ఆగస్టులో, పట్టపగలు, మధ్యాహ్నం మూడింటికి. గిడ్డంగిలో డ్యూటీ దిగి బస్సు స్టాపు నుంచి నడిచి వస్తున్నాడు మా ఆయన, చేతిలో పాల ప్యాకెట్టు. వెనక నుంచి సీసాతో కొట్టారు. మీ దేశం పో అన్నారట. చెంప ఎముక మూడు ముక్కలు, లోపల ఇనప రేకు పెట్టారు, చలికి అది లాగుతుంది, అన్నం నమలలేడు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చారు, రాసుకున్నారు, మళ్ళీ వస్తామన్నారు. లెఫ్టెరిస్ పార్లమెంటులో దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాడు. రెండంటే రెండు. అంతే ఇచ్చారు టైము అన్నాడు. అంతేనా యోనా చెంప విలువ అనిపించింది, నేనుంటే బల్ల విరగ్గొట్టేదాన్ని అనిపించింది, ఆ మంటలోనే నామినేషన్ వేశాను. ఆ రోజు నుంచి యోనా కిటికీకి వీపు పెట్టి కూర్చోడు. గుమ్మం బయట ఎవరైనా నవ్వితే టీవీ సౌండు తగ్గిస్తాడు. ఇరవై ఏళ్ళు నా వెనక నడిచిన మనిషి, వంట చేసి, పిల్లని బడికి దింపి, నా కరపత్రాలు మడతపెట్టిన మనిషి, ఒకనాడు కంచం ముందు కూర్చుని అన్నాడు, ‘నువ్వు గెలిస్తే ఉందాం లీలా. నీకో పదవుంటే కనీసం మన గోడు ఇంటారు. గెలవకపోతే మాత్రం నావల్ల కాదు. అన్నయ్య ఆక్లండ్ రమ్మంటున్నాడు, ఎల్లిపోదాం. బతిమాలుతున్నా.’ ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగితే కాదని ఎలా అంటాను, సరే అన్నాను. ఫెబికి మాత్రం ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మా ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళు, ఇక్కడే పుట్టింది, మనం తెలుగులో అడిగితే అది ఐరిష్ యాసలో ఇంగ్లీషు చెబుతుంది. ‘ఐ యామ్ నాట్ గోయింగ్, మామ్. ఐ యామ్ ఫ్రమ్ హియర్’ అంది. స్నేహితురాలి ఇంట్లో ఉండి చదువుకుంటుందట, మీరు వెళ్ళండి అంది, అన్నంత పనీ చేస్తుంది, నా కూతురే కదా. తండ్రి ఉండలేడు, కూతురు రానంటుంది. నేనొక్కదాన్ని ముక్కలై ఎటు పోను. అందుకే ఆ ఐదో కుర్చీ కావాలి నాకు. దేశసేవకి కాదు, ఏ సేవకీ కాదు, ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినడానికి కావాలి. ప్రభువా, ఇంత చిన్నదానికి ఇంత పెద్ద కుర్చీ ఎక్కాలా, అయినా ఇప్పించు, ఇంకేం అడగను, జన్మలో ఇంకేం అడగను.

చెప్పేస్తే? లేచి వెళ్ళి, అయ్యా, ఆరోది నాకు తెలుసు అంటే? లెఫ్టెరిస్ మంచివాడు, ఆయన ఉంటే ఈ ఊరికేం నష్టం లేదు, రెండేసి నిమిషాలు మాట్లాడుతూనే ఉంటాడు. నిజం చెప్పానని ఒకరోజు పేపర్లో వేస్తారు, భలే మనిషి అంటారు, తర్వాత యోనా సూట్‌కేసు, ఫెబి తలుపు వేసుకుని ఏడవడం. భలే మనిషి అన్నవాళ్ళెవరూ వచ్చి నా పిల్లని సముదాయించరు. ఇంకోవైపు, ఇన్నేళ్ళలో రోగికి సూది వేసేటప్పుడు కూడా నొప్పి ఉండదని చెప్పలేదు నేను, కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి అనేదాన్ని, అది నా గర్వం. ఒక్క మాట. లేదు అనే రెండక్షరాలు. ఎంతసేపు పడుతుంది. తర్వాత దాన్ని ఎక్కడ దాచుకోను. గోడ మీద గడియారం చూస్తే ఇంకా పన్నెండు కాలేదు, అంతలో గాజు తలుపు తెరుచుకుంది.

బల్ల చుట్టూ చేరాం. తొమ్మిది కాగితాలు వరసగా పరిచారు. లెఫ్టెరిస్ తరఫు లాయరమ్మాయి చురుకైనది, వెంటనే అందుకుంది, ఈ గుర్తు ఒక సముదాయానిది, ఇందులో ఏదో ఏర్పాటు ఉండవచ్చు అని మొదలుపెట్టింది. లెఫ్టెరిస్ ఆమె మోచేయి పట్టుకుని ఆపాడు. ‘ఆగమ్మా’ అన్నాడు తన గ్రీకు ఇంగ్లీషులో. ‘ఆ అక్షరం నీకు తెలియదు, నాకు తెలియదు, ఇక్కడ ఎవరికీ తెలియదు. లీలానే అడగండి. తెలియదని అంటే తెలియనట్టే. నాకు ఆమె మాట చాలు.’ దేవా, ఎందుకన్నాడు ఆ మాట. అనకుండా ఉంటే పోయేది కదా.

ఆఫీసరు కళ్ళజోడు పైకి నెట్టుకుని నా వైపు తిరిగాడు. ఈ రాతని బట్టి, ఈ తొమ్మిదింటిలో ఏ ఒక్కటైనా ఎవరు వేశారో మీరు చెప్పగలరా అని అడిగాడు. బారికేడు అవతల ఫెబి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

‘లేదు’ అన్నాను. ‘చెప్పలేను. మావాళ్ళు ఎవరైనా రాస్తారు ఇలా.’

ఆయన తల ఊపి కాగితాలు దగ్గరికి లాక్కుంటూ, ఆరోదాని దగ్గర వేలు ఆపాడు. ఇది మిగతావాటిలా లేదే అన్నాడు. దాన్ని తీసి నా ముందుకు జరిపాడు. వణుకుతూ చుట్టిన ఆ రవత్తు, పెన్సిలు రెండుచోట్ల ఆగి మళ్ళీ నడిచింది, మళ్ళీ నడిచిన చోట గట్టిగా నొక్కింది. ఇది కూడా మీకు తెలియదా?

‘తెలియదు’ అన్నాను. ‘ఎవరిదో.’

తర్వాత ఎవరేమన్నారో సరిగ్గా వినపడలేదు. చెల్లుతాయి అన్నది వినపడింది. అంకె చదివారు, ఒకటి అని వినపడింది, కృపారావు గారు స్తోత్రం స్తోత్రం అంటూ నా చేతులు పట్టుకుని ఊపేశారు, ఫెబి బారికేడు దూకి వచ్చి మెడ కరుచుకుంది, మామ్ మామ్ అని ఏడుస్తోంది, నా కూతురు నన్ను పట్టుకుని ఇలా ఏడ్చి ఎన్నేళ్ళయిందో. కెమెరాల వెలుగులో లెఫ్టెరిస్ వచ్చాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతున్నాడు. గేటు వేసి వెళ్తున్నాను లీలా అన్నాడు. యోనా ఫోను చేశాడు. ‘గరాజులో అట్టపెట్టెలు కట్టేశా లీలా, నీకు చెప్పలా’ అన్నాడు. ‘ఇప్పేయనా?’ విప్పెయ్ అన్నాను. విప్పెయ్యి యోనా, అన్నీ విప్పెయ్యి.

ఆయన పెట్టేసిన నిమిషానికే ఫోను మళ్ళీ మోగింది. లలితకుమారి గారు. ఎత్తకూడదనుకున్నాను, వేలు ఎత్తేసింది. జనంలోంచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, ఆఫీసరు నాలుగడుగుల దూరంలో కాగితాలు సర్దుకుంటున్నాడు, లాయరమ్మాయి అక్కడే ఉంది, నా వైపే చూస్తోంది. ‘గెలిచావుటనే లీలా! రేడియోలో చెప్పారు, ఆ శ్రీ రాసిన ఓట్ల వల్లేట’ అంది ఆవిడ, గొంతు నిండా సంబరం. ‘నాది కూడా ఉందా అందులో? నీకు చూపించారా? నువ్వు గుర్తుపట్టే ఉంటావులే నా రాత.’

‘లేదండీ’ అన్నాను. ‘చూశాను గానీ, గుర్తుపట్టలేదు.’

‘అంతేలే అమ్మా’ అంది. ‘చెయ్యి బాగా పాడైపోయింది కదా, ఎవరు పడతారు గుర్తు. తీరికున్నప్పుడు ఓసారి కాఫీకి రా.’